బాబాయి రాడారు, అమ్మాయి విమానం

మా తార్నాక వీధిలో ఉండే లెక్చరర్ గారు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఏప్రిల్ వచ్చిందంటే ఆయన ఫోన్లో వాతావరణ శాఖవారి బేగంపేట డాప్లర్ రాడార్ బొమ్మ తెరిచే ఉంటుంది. పది నిమిషాలకోసారి బొమ్మ మారుతుంది, పది నిమిషాలకోసారి ఆయన కళ్ళజోడు సర్దుకుంటారు. వాళ్ళ అన్నగారమ్మాయి ఏటీఆర్ విమానాల్లో ఫస్ట్ ఆఫీసరు. షంషాబాద్ నుంచి రాజమండ్రి, విజయవాడ, తిరుపతి తిరుగుతుంటుంది. మే నెలలో ఒక సాయంత్రం ముగ్గురం ఉస్మానియా క్యాంపస్‌లోకి నడకకు బయల్దేరాం. తార్నాక వైపు గేటు దాటకముందే బాబాయికీ అన్న కూతురికీ మొదలైంది. వాళ్ళన్నది అన్నట్టే రాశాను. ఊరుకోలేని చోట నేనూ ఒక మాట అన్నాను.

పైలట్: బాబాయ్, మధ్యాహ్నం ఆ రాడార్ బొమ్మ ఫ్యామిలీ గ్రూపులో ఎందుకు పెట్టావు? అది చూసినప్పట్నించీ అమ్మ ఫోను మీద ఫోను. "వికారాబాద్ పక్కన ఎర్రగా ఉందట, రేపు డ్యూటీకి వెళ్ళకు" అంటోంది. ఇవాళ్టి మేఘానికీ రేపటి నా విమానానికీ సంబంధమేమిటి?

లెక్చరర్: కంటికి కనిపించింది చెప్పొద్దా? ఆ మచ్చ ప్రతిధ్వని కొలతలో 50 డీబీజెడ్‌కి దగ్గర్లో ఉందమ్మా. అంటే వడగళ్ళు కూడా ఉండొచ్చు. రేపు ఎగరొద్దని నేననలేదు. గాలి తీరు ఇట్లాగే ఉండేట్టుంది, చూసుకొమ్మన్నాను.

పైలట్: నువ్వు రాసింది "జాగ్రత్త" అని ఒక్క ముక్క. పక్కన దండం బొమ్మ. సరే, ఆ రాడార్ బొమ్మ మూలన టైమెంతుంది?

లెక్చరర్: తొమ్మిదీ పది.

పైలట్: పక్కన జెడ్ అనే అక్షరం ఉంది కదా, అది గ్రీనిచ్ టైము. ఐదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం రెండూ నలభై. ఆ సంగతి నీకు తెలుసు, అమ్మకు తెలీదు. పొద్దున్న తొమ్మిదింటికే అంత మేఘం పడితే ఇంకా ఎక్కడ తిరుగుతోందోనని ఆవిడ బెంగ. నువ్వు గ్రూపులో పెట్టింది మూడున్నరకి, ఆవిడ చూసింది ఐదింటికి. గంటకు 30, 40 కిలోమీటర్లు నడిచే మేఘం అది. ఆవిడ చూసే వేళకి అక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు.

లెక్చరర్: వదినకు జెడ్ సంగతి చెప్పాల్సిందే, నిజం. కానీ అసలు చూడటమే దండగంటే మాత్రం ఒప్పుకోను. మా చదువుల రోజుల్లో రేడియోలో "తెలంగాణలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు" అనేవాళ్ళు. ఆ ఒకటి రెండు చోట్లేవో దేవుడికి తెలియాలి. మద్రాసులో డాప్లర్ రాడార్ 2002లో పెట్టారు, మచిలీపట్నంలో 2004లో, విశాఖలో 2006లో. ఆ తరవాత మన బేగంపేటలో. ఇవాళ వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కుప్ప పోసుకున్న రైతు ఫోన్ తెరిచి, మబ్బు ఎంత దూరంలో ఉందో చూసుకుంటున్నాడు. జనం సొమ్ముతో కొన్న రాడారు, జనం చూస్తున్నారు. నేను చూస్తేనే తప్పొచ్చిందా?

పైలట్: రైతు చూసి కుప్ప మీద టార్పాలిన్ కప్పుతాడు. నువ్వు చూసి ఏం చేస్తావు? అమ్మను ఏడిపిస్తావు. చూసినవాడి చేతిలో పనంటూ ఒకటి ఉండాలి బాబాయ్. విమానం ఎక్కే మనిషికి ఎక్కడమా మానడమా అన్నదే చేతిలో ఉంది. మానితే టికెట్టు డబ్బులు పోతాయి. ఎక్కితే ఆ తరవాతంతా మా పని.

(ఇక్కడికి ఆర్ట్స్ కాలేజీ కనిపించింది. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రాతి మేడ మెట్ల మీద పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. లెక్చరర్ గారికి ఆ మెట్లు చూస్తే క్లాసు గుర్తొస్తుంది. ఆగిపోయారు.)

లెక్చరర్: చేతిలో పని సంగతి తరవాత. ముందు ఆ రంగు దేనిదో చెప్పు.

పైలట్: అడిగేది నన్ను కాదులే, పక్కనున్న ఈయన కోసం. చెప్పు, వింటాం.

లెక్చరర్: రాడార్ పంపే అల పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. అది చినుకుకు తగిలి వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందన్నది చినుకు వ్యాసాన్ని బట్టి, ఆరో ఘాతంలో. అంటే 4 మిల్లీమీటర్ల చినుకు ఒక్కటి, ఒక మిల్లీమీటరు చినుకులు 4,096 కలిస్తే ఎంతో అంత ప్రతిధ్వనినిస్తుంది. అందుకే జడివానలో, వడగళ్ళలో బొమ్మ ఎర్రబడిపోతుంది. పరిశోధనకు ఇదొక వరం.

పైలట్: మా వాళ్ళకు అదే చిక్కు. నీ లెక్క ప్రకారమే ఆ రంగు చెప్పేది చినుకు ఎంత లావో. గాలి ఎంత బలంగా లేస్తోందో, ఎంత బలంగా పడుతోందో ఆ రంగు చెప్పదు. విమానాన్ని కుదిపేది చినుకు కాదు, గాలి.

లెక్చరర్: డాప్లర్ అని పేరెందుకు పెట్టారు మరి? గాలి వేగం బొమ్మ వేరే ఉంది.

పైలట్: ఉంది. రాడార్ వైపు వచ్చే వేగం, రాడార్ నుంచి పోయే వేగం మాత్రం చెప్తుంది. నిట్టనిలువునా దిగే గాలిని బేగంపేటలో కూర్చున్న రాడార్ నేరుగా ఎట్లా కొలుస్తుంది? 1985 ఆగస్టు 2న అమెరికాలో డల్లాస్ దగ్గర డెల్టా 191 రన్‌వేకి ముందే కూలింది అట్లాంటి దిగుడు గాలిలోనే. మైక్రోబరస్ట్ అంటారు, వెడల్పు 4 కిలోమీటర్లు కూడా ఉండదు. అంతకు ముందే ఫుజిటా అనే ఆయన అట్లాంటిది ఉందని చెప్తే చాలామంది నమ్మలేదు. డల్లాస్ తరవాత అక్కడి విమానాశ్రయాలకు ప్రత్యేకంగా రాడార్లు పెట్టారు. మన ఊళ్ళో అయితే వాన కంటే ముందు దుమారం వచ్చి ఈ క్యాంపస్ చెట్లు పడగొడుతుంది చూడు, అది ఆ దిగుడు గాలి నేలను తాకి పక్కలకు పరుచుకోవడమే. ఆ వేళ నీ బొమ్మలో తార్నాక తెల్లగానే ఉంటుంది.

లెక్చరర్: ఉండదు. ఈ మధ్య...

పైలట్: ఉంటుంది బాబాయ్. ఇంకోటి చెప్పనా? బేగంపేట నుంచి మనం నిలబడ్డ చోటికి 8 కిలోమీటర్లు. ఆ రాడార్ గిన్నె సుమారు 20 డిగ్రీలకు మించి తల ఎత్తదు. లెక్క నీదే, వేసి చెప్పు.

లెక్చరర్: (వేళ్ళ మీద లెక్కించి) 8 ఇంటూ ట్యాన్ 20... 2.9. మూడు కిలోమీటర్లు.

పైలట్: అంటే మన నెత్తి మీద మూడు కిలోమీటర్లకు పైన ఏముందో ఆ రాడార్‌కు కనిపించదు. దీపం కింద చీకటి. షంషాబాద్ 24 కిలోమీటర్లు కాబట్టి అక్కడ ఎనిమిదికి పైదాకా చూడగలదు. మన దగ్గర ఉరిమే మేఘం 12, 15 కిలోమీటర్ల దాకా లేస్తుంది. ఇక దూరం పోయావంటే భూమి వంపు తిరిగిపోతుంది. 250 కిలోమీటర్ల దగ్గర ఆ కిరణం ఎంత కిందుగా వేసినా నేలకు ఆరు కిలోమీటర్లెత్తున పోతుంది. నేను రాజమండ్రి వెళ్తే సగం దారి బేగంపేటది, మిగతా సగం మచిలీపట్నానిది. నువ్వు ఒక్క గుండ్రం చూసి అమ్మకు చెప్పావు.

(గుండ్రం అన్నది 250 కిలోమీటర్ల వలయం. ఒక ప్రశాంతమైన రాత్రి నక్షత్రాలు మెరుస్తుంటే బొమ్మలో నగరం చుట్టూ వాన పడుతున్నట్టు కనిపించిందని ఈ లెక్చరర్ గారే నాకోసారి చెప్పారు. చల్లబడ్డ నేల మీద గాలి పొరలు అలను కిందికి వంచితే గుట్టలే వానలా కనిపిస్తాయట. ఆ ముక్క ఇప్పుడు ఆమెకు అందించాలా వద్దా అని ఆలోచించి మానేశాను. ఆయన అప్పటికే ఇరకాటంలో ఉన్నారు.)

లెక్చరర్: నా రాడార్ గుడ్డిదన్నావు. మరి నీ ముక్కు రాడార్ సంగతి? విమానం ముక్కులో ఉండేది 3 సెంటీమీటర్ల అల. జడివానను అది దాటలేదు. మొదటి వాన గోడకే అల అరిగిపోతే, వెనకాల ఎంత పెద్ద మేఘమున్నా తెర మీద ఖాళీగా కనిపిస్తుంది. 1977 ఏప్రిల్ 4న జార్జియాలో సదరన్ ఎయిర్‌వేస్ డీసీ-9 ఏమైంది? అది ఖాళీ అనుకుని అందులోకే పోయారు. వడగళ్ళకూ వానకూ రెండు ఇంజన్లూ ఆగిపోయి రోడ్డు మీద దింపబోయారు. తుఫాను మేఘాల్లో తోవకి కేవలం ముక్కు రాడార్‌ని నమ్ముకోవడాన్ని విచారణ తప్పు పట్టింది. నా బేగంపేట రాడార్‌కు 10 సెంటీమీటర్ల అల ఉంది. గోడ అవతల ఏముందో అది చెప్తుంది.

పైలట్: ఆ కేసు మాకు పాఠంలో చెప్తారు. నిజమే, రాడార్ నీడలోకి పోకూడదు. అందుకే మేఘాన్ని రాసుకుని పోం. ఉరిమే మేఘానికి 20 నాటికల్ మైళ్ళు, అంటే 37 కిలోమీటర్లు ఎడంగా పొమ్మని మొదటి పాఠం. జెట్‌లో వాళ్ళు కొన్నిటి పైనుంచి పోగలరు. నా ఏటీఆర్ 25,000 అడుగులకు మించి ఎక్కదు, ఏడున్నర కిలోమీటర్లు. పక్కకు తిరగడం తప్ప నాకు దారి లేదు. అందుకే నీకంటే నాకే ఎక్కువ భయం ఉండాలి. ఉంది కూడా.

లెక్చరర్: భయం ఉన్నవాళ్ళు ఫోన్లో బొమ్మ చూస్తే తప్పేంటి?

పైలట్: గాల్లో ఉండగా చూస్తే తప్పు. అమెరికాలో చిన్న విమానాల్లోకి నేల రాడార్ బొమ్మలు పంపే ఏర్పాటు వచ్చాక కొందరు వాటిని చూసి మేఘాల మధ్య సందుల్లో దూరబోయారు. 2012లో అక్కడి రవాణా భద్రతా బోర్డు హెచ్చరించింది. తెర మీద "ఒక నిమిషం క్రితం" అని రాసున్నా, లోపలి సమాచారం 15, 20 నిమిషాలు పాతబడి ఉండొచ్చని. పాత సందు ఇప్పుడు సందు కాదు. అక్కడ మేఘం కూర్చుని ఉంటుంది.

లెక్చరర్: ఇప్పుడు దారికొచ్చావు. సందు వెతుక్కునేవాడికి 20 నిమిషాల పాత బొమ్మ ప్రాణాంతకం. నేల మీద రెండు గంటల ముందు కూర్చుని చూసేవాడికి ఏమీ కాదు. సంగారెడ్డి నుంచి వికారాబాద్ దాకా మేఘాలు వరస కట్టాయా, లేక విడివిడిగా ఉన్నాయా, అరగంటలో పెరిగాయా తరిగాయా, తూర్పుకు వస్తున్నాయా పడమటికి పోతున్నాయా, అంతే కావాలి. దానికి పాత బొమ్మలు నాలుగు వరసగా పెట్టుకోవడమే మంచిది. నేను చెప్పేది మొదటినుంచీ అదే. ఎగరకముందు చూడాలి. ఎందుకంటే ఎగరకముందు "వద్దు" అంటే పోయేదేమీ లేదు. గాల్లోకి లేచాక ఆ మాటకు ఖరీదు పెరుగుతూ పోతుంది.

(ఈ మాట ఆయన ఇంకాస్త ముందే చెప్పి ఉంటే గొడవ సగం తగ్గేది. గ్రూపులో పెట్టిన బొమ్మలో ఇదంతా లేదు మరి.)

పైలట్: ఆ ఖరీదు సంగతే నేనూ చెప్తాను. బేగంపేట పేరెత్తావు కాబట్టి 2009 సెప్టెంబర్ 2 గుర్తు చేసుకో.

లెక్చరర్: ముఖ్యమంత్రి హెలికాప్టర్.

పైలట్: ఉదయం 8:38కి బేగంపేట నుంచే లేచింది. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, ఆయన కార్యదర్శి, ప్రధాన భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు. గంట కూడా తిరగకుండా నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలిపోయింది. మర్నాడు గానీ దొరకలేదు. ఐదుగురూ పోయారు. ఆర్.కె. త్యాగి కమిటీ నివేదిక నేను చదివాను. ఆ హెలికాప్టర్లో వాతావరణ రాడార్ ఉంది బాబాయ్. పనిచేస్తూనే ఉంది. దారిలో ఎరుపు కనిపించింది. కాస్త ఎడమకు జరిగి ముందుకే పోయారు. ఈలోగా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక వచ్చింది. ఇద్దరూ పుస్తకం తెరిచి దాని సంగతి చూడటంలో పడ్డారు. అట్లా ఉండగా మేఘం కింద బలమైన దిగుడు గాలిలో చిక్కుకున్నారు. బొమ్మ లేక కాదు. ఎరుపు చూసి వెనక్కి తిరగకపోవడం వల్ల.

లెక్చరర్: కింద జనం ఎదురుచూస్తున్నారు. వెనక సీట్లో ముఖ్యమంత్రి. ఆ పైలట్ల స్థానంలో కూర్చుంటే తెలుస్తుంది.

పైలట్: అదే నేననేది. ఎవరు వెనక కూర్చున్నా, "సార్, ఇవాళ కుదరదు, కర్నూల్లో దిగిపోదాం" అనగలిగే ఏర్పాటు ఉండాలి. నివేదిక చదివాక నాకు రంగుల గురించి ఆలోచన పోయింది. ఎవరైనా రాడార్ గురించి అడిగితే, చూశాక ఏం చేయడానికి వీలుందో అడుగుతాను.

(నా మటుకు నాకు ఇక్కడ ఆమె మాటే సబబుగా తోచింది. ఆ రోజు గురించి మన ఊళ్ళలో రకరకాల అనుమానాలు చెప్పుకున్నారు, ఇంకా చెప్పుకుంటారు. నివేదికలో ఉన్నది మాత్రం ఒక మేఘం, ఒక ఆయిల్ లైటు, వెనక్కి తిరగని ఒక దారి. జనానికి అంత మామూలు కారణం సరిపోలేదు.)

లెక్చరర్: ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. అప్పటికి మచిలీపట్నం రాడార్ ఉంది, ఎంత దూరమైనా దాని అంచున నల్లమల పడుతుంది. బయల్దేరకముందు బేగంపేటలో కూర్చుని ఎవరో ఒకరు "ఇంకో గంట ఆగుదాం" అంటే గంట ఆలస్యమయ్యేది, అంతే. గాల్లో కంటే నేల మీద ఆ మాట అనడం తేలిక. అందుకే నేల మీద చూడాలి.

పైలట్: నువ్వే చెప్పు, ఆ అంచున కిరణం ఎంత ఎత్తున పోతుంది?

లెక్చరర్: ఆరు కిలోమీటర్లు. సరే. హెలికాప్టర్ అంతకంటే చాలా కిందుగా ఎగురుతుంది. కానీ అంత పైకి లేచిన మేఘం కనిపిస్తే కిందేముందో ఊహించలేమా?

పైలట్: ఊహించొచ్చు. ఊహించి ఆపడానికి ఒక మనిషి కావాలి. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్ళిన ఇండిగో విమానం సంగతి చూడు. పైలట్లకు పఠాన్‌కోట్ దగ్గర మేఘం కనిపించింది. ఎడమకు తప్పుకుంటామన్నారు, అటు సరిహద్దు, కుదరదని మన కంట్రోల్ వాళ్ళన్నారు. లాహోర్‌ను అడిగారు, వాళ్ళూ కాదన్నారు. వెనక్కి తిరుగుదామనుకునే సరికి మేఘం ముంచుకొచ్చింది. దాంట్లోంచే పోయి, ముక్కు చితికిన విమానాన్ని శ్రీనగర్లో క్షేమంగా దింపారు. వాళ్ళకు కనిపించలేదా? కనిపించింది. తప్పుకోవడానికి ఆకాశమే లేదు.

లెక్చరర్: పాకిస్తాన్ ఆకాశం మూసి ఉందని ఢిల్లీలోనే తెలుసు కదమ్మా. ఎడమ వైపు దారి లేని రోజున కుడి వైపు మేఘం పెరుగుతుంటే ఢిల్లీలోనే ఆగాలి. ఆ లెక్క నేల మీదే వేయాలి. నువ్వు చెప్పిన రెండు కథలూ మళ్ళీ మళ్ళీ నేల మీదికే వస్తున్నాయి.

పైలట్: ప్రతి మే నెలలో ఉత్తరాన రోజూ మేఘం పెరుగుతుంది. నీ లెక్కన పోతే శ్రీనగర్‌కు విమానమే పోదు.

లెక్చరర్: రోజూ పోకపోతే కొంపలేం మునగవు. ఇక్కడ, ఈ క్యాంపస్‌లోనే, ఎగరని రోజుల్ని లెక్కచేయని మనుషులు ఉండేవాళ్ళు. తెలుసా?

పైలట్: ఎవరు?

లెక్చరర్: బెలూన్ల వాళ్ళు. భాభా గారి టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు కాస్మిక్ కిరణాల కోసం పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు ఎగరేసేవాళ్ళు. 1960లలో మన క్యాంపస్ మైదానంలోనే. 1969లో ఈసీఐఎల్ దగ్గర సొంత కేంద్రం పెట్టుకుని అటు వెళ్ళిపోయారు. 30 కిలోమీటర్ల పైకి పోయే బెలూన్‌కి నేల మీద గాలి కాస్త ఎక్కువుంటే చాలు, నింపుతుండగానే చిరిగిపోతుంది. అందుకని గాలి సద్దుమణిగే తెల్లవారుజామున సిద్ధంగా కూర్చునేవాళ్ళు. పైన గాలులు ఎటు ఉన్నాయో ముందు చిన్న బెలూన్లు వదిలి చూసుకునేవాళ్ళు. కుదరకపోతే సామాను సర్దుకుని మర్నాడు రావడం. వాన నెలలు వస్తే సీజనే ఆపేయడం. అట్లా ఓపికపట్టారు కాబట్టే 2005లో ఆ కేంద్రం నుంచి లేచిన బెలూన్ అంత ఎత్తు నుంచి గాలి నమూనాలు పట్టుకొచ్చింది. అందులో దొరికిన కొత్త బ్యాక్టీరియా జాతుల్ని మన పక్కనే హబ్సిగూడ సీసీఎంబీలో పరీక్షించారు. ఒకదానికి ఇస్రో పేరే పెట్టారు.

పైలట్: బెలూన్‌కి టికెట్టు కొన్నవాడు లేడు బాబాయ్.

లెక్చరర్: అదే! టికెట్టు కొన్నవాడు లేడు కాబట్టి వాళ్ళకు "వద్దు" అన్న మాట ఉచితం. మీకు ఆ మాట ఖరీదైంది ఎవరివల్ల? కౌంటర్ దగ్గర గొంతు చించుకునే ప్రయాణికుడి వల్ల. ఆ ప్రయాణికుడు ఇంట్లోంచి బయల్దేరకముందు నాలాగా బొమ్మ చూసుకున్నాడనుకో. షంషాబాద్ మీద మేఘం కూర్చుందని వాడికి తెలుసు. ఉరుములు మెరుపులప్పుడు విమానానికి ఇంధనం కూడా నింపరని తెలుసు. గంట ఆలస్యం అంటే పుష్పక్ బస్సు మెల్లగా ఎక్కుతాడు, వెంట పులిహోర తెచ్చుకుంటాడు. కౌంటర్లో పిల్లను తిట్టడు. చూసినవాడి చేతిలో పనేముందన్నావే, ఇదీ పని. మీరు ఆగినప్పుడు మిమ్మల్ని ఆగనివ్వడం.

(ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. రాడార్ గురించి ఇట్లా ఆలోచించినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. మేఘం కోసం కాకుండా, ఆలస్యాన్ని ఓర్చుకోవడం కోసం చూడటం.)

పైలట్: ఈ ఒక్క మాటా నువ్వు గ్రూపులో రాయి. అందరికీ పంపుతాను.

లెక్చరర్: రాస్తాను. నాకో ప్రశ్న ఉంది, తప్పించుకోకుండా చెప్పు. మీ కెప్టెన్ పోదామంటే నువ్వు వద్దనగలవా?

పైలట్: దిగేటప్పుడైతే పేచీ లేదు. ఇద్దరిలో ఎవరు "గో అరౌండ్" అన్నా లేపేయాల్సిందే. ఎందుకన్నావని ఎవరూ నిలదీయరు. బయల్దేరేటప్పుడు ఆఖరి మాట కెప్టెన్‌ది. నా మాట నేను చెప్పొచ్చు. చెప్పాను కూడా. పోయిన వేసవిలో ఒక సాయంత్రం 20 నిమిషాలు ఆగుదామన్నాను, ఆగాం.

లెక్చరర్: దేన్ని చూసి అన్నావు?

పైలట్: బ్రీఫింగ్ కాగితాలు, విమానాశ్రయం వాతావరణం చెప్పే మెటార్, అన్నీ.

లెక్చరర్: అన్నీ అంటే?

పైలట్: బేగంపేట బొమ్మ కూడా.

లెక్చరర్: అట్లా చెప్పు!

పైలట్: పూర్తిగా విను. బొమ్మలో మచ్చ ఉత్తరానికి జరిగిపోతోంది. దాన్ని బట్టయితే పోవచ్చు. అరగంటకోసారి వచ్చే మెటార్లో గాలి ఒక్కసారిగా దిక్కు మార్చుకుంది, వేగం రెట్టింపైంది. బొమ్మ పొమ్మంది, గాలి ఆగమంది. నేను గాలి మాట విన్నాను.

లెక్చరర్: రెండూ చూశావు కాబట్టే తేడా తెలిసింది. బొమ్మ చూడకపోతే అది ఉత్తరానికి జరిగిన మేఘం వదిలిన గాలి అని నీకెట్లా అర్థమవుతుంది? 20 నిమిషాలు చాలని ఎట్లా అనుకున్నావు? రెండు గంటలు అనేదానివి.

పైలట్: (నవ్వి) ఇది మాత్రం సరిగ్గానే పట్టుకున్నావు.

(తార్నాక చౌరస్తాకు వచ్చేశాం. పైన మెట్రో పోతోంది, కింద టీ కొట్టు దగ్గర జనం. పడమటి వైపు మబ్బు ఉంది గానీ నల్లగా లేదు. టీ చెప్పి, ఇద్దరూ నిలబడే ఒప్పందానికొచ్చారు. ఒప్పందమనడం నా మాట. పక్కన వినేవాళ్ళకు ఇంకా గొడవే.)

పైలట్: ఇక గ్రూపులో పెట్టకు. నాకు ఒక్కదానికే పంపు. ఒక్క బొమ్మ కాదు, వరసగా నాలుగు. టైము మన టైములో రాయి. పైనా కుడి పక్కనా ఎత్తు చూపే పట్టీలు ఉంటాయి కదా, అవి కత్తిరించకు. నాకు కావలసింది మచ్చ ఎంత ఎర్రగా ఉందని కాదు, ఎంత ఎత్తుకు లేచిందని. మచిలీపట్నానిది కూడా పంపు.

లెక్చరర్: నాలుగైతే అరగంట సంగతే తెలుస్తుంది. ఆరు పంపుతాను, దాదాపు గంట లెక్క వస్తుంది.

పైలట్: ఆరు పంపు. రిపోర్టింగ్‌కు గంట ముందు వరకే. తరవాత వచ్చినవి రాజమండ్రిలో దిగాకే తెరుస్తాను.

లెక్చరర్: దిగాక తెరిస్తే ఏం లాభం?

పైలట్: నువ్వు ఏమనుకున్నావో, దారిలో నాకేం కనిపించిందో సరిచూసుకోవచ్చు. నువ్వు రాసి పెట్టు, నేనూ రాసి పెడతాను.

లెక్చరర్: మరి వదినకు?

పైలట్: అమ్మకు ఆలస్యం అయితే ఆలస్యమని చెప్దాం. మేఘం సంగతి వద్దు.

లెక్చరర్: అది దాచడం అవుతుంది. నేను ఒప్పుకోను.